నిమ్మచెట్టు మీది గొంగళి పురుగు: ఫ్లాష్ వెలిగినా తల అంచు రెండు గీతలుగా వస్తున్నది, ఎందుకు?

హన్మకొండ_లెన్స్:
నిమ్మచెట్టు మీద సీతాకోకచిలుక గొంగళి పురుగులు ఉన్నయ్. నా దగ్గర ఏపీఎస్-సీ సెన్సర్ (సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పుది) కెమెరా, 55-250 జూమ్ లెన్స్, దాని ముందర రేనాక్స్ 250 (దగ్గరి వస్తువును పెద్దగ చూపే క్లోజప్ లెన్స్), పైన మామూలు ఫ్లాష్. మాన్యువల్ మోడ్, షట్టర్ 1/200 సెకను, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం సైజు, అంకె పెరిగితే రంధ్రం చిన్నగైతది), ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) 200, ఫ్లాష్ టీటీఎల్ (ఎంత వెలుగు కావాల్నో కెమెరానే లెక్క కట్టే పద్ధతి). పొద్దున పది, పదకొండు మధ్యల తీస్తున్న. తల అంచు రెండు గీతలుగ వస్తున్నది. బాగా ఎదిగిన పురుగు ఫ్రేములో పడతలేదు. కన్నుకే ఫోకస్ పెట్టినా ముఖం మసకగ ఉంటున్నది. షట్టర్ పెంచుదామంటే ఫ్లాష్‌తో 1/200 దాటనిస్తలేదు. మాక్రో లెన్స్ కొంటే తప్ప తీరదా అన్నా? తొలకరి పడంగనే ఆరుద్ర పురుగులు కూడా తియ్యాలని ఉన్నది. ఆగకుండ నడిచేదానికి ఫోకస్ ఎట్ల పట్టాలె?

జిల్లేడు_పువ్వు:
లెన్స్ కొనకు తమ్మీ. రెండు గీతలకు కారణం ఎండ. నిండు ఎండల ఐఎస్ఓ 100, ఎఫ్/11, 1/200 అంటే ఫ్లాష్ లేకుండనే ఫొటో సరిగ్గ పడుతది. నువ్వు 200 పెట్టినవ్, ఎండే ఒక స్టాప్ (అంటే రెండింతలు) ఎక్కువైంది. ఇగ ఒకే ఫ్రేములో రెండు బొమ్మలు పడుతున్నయ్. ఫ్లాష్ మెరిసినప్పుడు పడ్డది పదునుగ ఉంటది, మిగిలిన సేపు ఎండకు పడ్డది జరిగి ఉంటది. ఆ జరిగిన అంచే నీ రెండో గీత.

ముందుగాల నల్ల గొడుగుతోని కొమ్మకు నీడ చెయ్యి, ఐఎస్ఓ 100కు దించు. ఫ్లాష్ ఆపి ఒక ఫొటో తియ్యి. ఫ్రేము దాదాపు నల్లగ రావాలె. అట్ల వస్తే కదలికను ఆపే పని మొత్తం ఫ్లాష్‌దే, ఇగ షట్టర్ స్పీడ్ గురించి రంది పడకు. తర్వాత టీటీఎల్ తీసేసి మాన్యువల్ పెట్టు, ఫుల్ పవర్‌ల 1/8 వంతుతోని మొదలుపెట్టు, వెలుగు సరిపోతే 1/16కు దిగు. పవర్ తగ్గినకొద్ది మెరుపు పొట్టిగ అయితది. ఫుల్ పవర్‌ల అది సెకనులో కొన్ని వందల వంతు సాగుతది, 1/16 దగ్గర కొన్ని వేల వంతుకు వస్తది. చార్జింగ్ కూడా తొందరగ అయితది, వరుసగ మూడు నాలుగు ఫొటోలు దొరుకుతయ్.

డిఫ్యూజర్ (ఫ్లాష్ వెలుగును మెత్తగ చేసే తెర) ఉన్నదా లేదా నువ్వు రాయలేదు. పురుగు లెన్స్ కొనకు 11, 12 సెంటీమీటర్ల దూరంల ఉంటది. ఫ్లాష్‌ను ఊరికె పైన పెడితే వెలుగు పురుగు మీదికెల్లి దాటిపోతది, లెన్స్ నీడ కిందికి పడుతది. టీవీ డబ్బాల వచ్చే తెల్ల ఫోమ్ షీటు ఇంత ముక్క, 20 × 25 సెంటీమీటర్లు చాలు. రెండు పొరలు చేసి నడుమ ఆరేడు సెంటీమీటర్ల సందు ఇడువు. షీటు లెన్స్ కొనను దాటి ముందుకు వంగాలె, చూరు లెక్క. సరిగ్గ కుదిరిందా లేదా అన్నది పురుగు తల మీది మెరుపే చెప్తది. చిన్న తెల్ల చుక్క కనబడితే షీటు దూరంగ ఉన్నట్టు, వెడల్పుగ మెత్తటి తెలుపు కనబడితే కుదిరినట్టు.

పాకాల_బాట:
మసక ముఖం సంగతి. నిమ్మ, కరివేపాకు మొక్కల మీద ఆకుపచ్చగా ఎదిగిన పురుగుకు ముందు భాగంలో పెద్ద కళ్లలా కనిపించేవి కళ్లు కావు. అవి ఉబ్బిన ఛాతీ మీది మచ్చలు. అసలు తల వాటికి ముందు, కిందికి ముడుచుకొని ఉంటుంది. దానికి రెండు పక్కలా ఆరేసి చిన్న కళ్లు, నల్లటి ఆవగింజల్లా. మీరు మచ్చ మీద ఫోకస్ పెడుతున్నారు, తల పదునైన పొరకు బయట ఉండిపోతోంది. కెమెరాను ఆకు అంచు స్థాయికి దించండి, తలకు ఎదురుగానో కొంచెం పక్కగానో.

ఆ పొర ఎంత పలచనో లెక్క వేస్తే తెలుస్తుంది. రేనాక్స్ 250 బలం 8 డయాప్టర్లు, అంటే ఫోకల్ లెంగ్త్ 125 మిల్లీమీటర్లు. లెన్స్‌ను అనంతానికి ఫోకస్ చేస్తే జూమ్ 125 దగ్గర 1:1 (సెన్సర్ మీద బొమ్మ పురుగు అసలు సైజులోనే), 250 దగ్గర 2:1 (రెండింతలు). ఎఫ్/11లో 1:1 దగ్గర అర మిల్లీమీటరు కూడా పదునుగా ఉండదు, 2:1 దగ్గర పదో వంతు మిల్లీమీటరు. మాక్రో లెన్స్‌కూ, ఎక్స్‌టెన్షన్ ట్యూబులకూ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టే గొట్టాలు) 1:1 దగ్గర ఎఫ్/11 నిజానికి ఎఫ్/22లా పనిచేస్తుంది, అందుకే అవి వాడేవాళ్లను లెన్స్ రంధ్రం ఇంకా మూయవద్దంటారు. ముందు తగిలించే క్లోజప్ లెన్స్‌తో ఆ నష్టం లేదు. మీరు ఎఫ్/16కు వెళ్లండి, ఫ్లాష్ ఒక స్టాప్ పెంచండి.

1:1 దగ్గర ఫ్రేము వెడల్పు 22 మిల్లీమీటర్లే, ఎదిగిన పురుగు దాదాపు 4 సెంటీమీటర్లు. జూమ్ 100 కంటే తగ్గిస్తే రేనాక్స్ 250తో మూలలు నల్లబడతాయి. పూర్తి ఒళ్లు కావాలంటే 4.8 డయాప్టర్ల రేనాక్స్ 150 పెట్టి జూమ్ 100 దగ్గర ఉంచండి, ఫ్రేములో సుమారు 46 మిల్లీమీటర్లు పడతాయి.

ఎప్పుడు నొక్కాలో పురుగే చూపిస్తుంది. తినేటప్పుడు తల ఆకు అంచు వెంట పైనుంచి కిందికి కొరుక్కుంటూ వస్తుంది, కిందికి చేరాక మళ్లీ పైకి లేస్తుంది. ఆ లేచే ముందు చిన్న ఆగడం ఉంది, అదే సమయం. ఎడమ చేత్తో ఆకు కాడను పట్టుకొని, అదే చేతి వేళ్ల మీద లెన్స్‌ను ఆనించండి. గాలికి ఆకూ కెమెరా కలిసే ఊగుతాయి. ఫోకస్ రింగు ముట్టుకోవద్దు, ఒంటితోనే ముందుకు వెనక్కి జరగండి.

ములుగు_తొవ్వ:
ఆరుద్ర పురుగు ఆగదు, దాని వెంట పడితే ఒక్కటి కూడా రాదు. పోయే దారి చూసి, రెండు మూడు సెంటీమీటర్ల ముందరి మట్టి గింజకు ఫోకస్ పెట్టి కాసుకొని ఉండు. గోనె సంచి మడతపెట్టి దాని మీద కెమెరా ఆనించు. లెన్స్ నేలకు ఎంత తక్కువ ఎత్తుల ఉంటే కాళ్లు అంత మంచిగ కనబడతయ్. ఎక్కువమందికి చెడేది ఎరుపు. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోల వెలుగు ఎంతున్నదో చూపే గ్రాఫ్) బాగనే ఉంటది, ఎరుపు ఛానల్ మాత్రం కుడి గోడకు కొట్టుకుంటది, మఖమల్ వెంట్రుకలన్ని కలిసి ఒక ఎర్ర ముద్ద అయితయ్. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకో, ఫ్లాష్ ఒక స్టాప్ దాకా తగ్గించు, రా ఫైల్‌లనే (కెమెరా మార్చని అసలు ఫైల్) తియ్యి.

ఫ్రిజ్‌ల పెట్టి మొద్దుబార్చి తీసుడు వద్దు. నిమ్మ పురుగు తల వెనుకకెల్లి రెండు కొమ్ముల లెక్క మెత్తటిది బయటికి తీసి వాసన ఇడిస్తే అది బెదిరింది, అప్పుడు దూరం జరుగు. తినుడు బంద్ చేసి తలకాయ కిందికి పెట్టి కదలకుండ ఉన్నదంటే కుబుసం ఇడుస్తున్నదేమో, ఆ కొమ్మ ముట్టకు. బొంత పురుగులైతే చేత్తోని అసలే ముట్టకు. వెంట్రుకలు గుచ్చుకుంటే గీరకుండ సెల్లో టేపు అంటించి పీకాలె.

హన్మకొండ_లెన్స్:
గొడుగు నీడల, ఐఎస్ఓ 100, ఎఫ్/16, ఫ్లాష్ 1/8. రెండో గీత పోయింది! తల, ఆ ఆరు కళ్లు కూడా దొరికినయ్. కాని వెనుక అంత కారు నలుపు వస్తున్నది, రాత్రి తీసినట్టు.

జిల్లేడు_పువ్వు:
ఫ్లాష్ వెలుగు దూరం పెరిగినకొద్ది పడిపోతది, వెనుక ఆకు అర మీటరు దూరంల ఉంటే నలుపే. తెంపిన నిమ్మ రెమ్మ ఒకటి బట్టల క్లిప్పుకు పెట్టి, వెదురు పుల్లకు కట్టి, పురుగు వెనుక 8, 10 సెంటీమీటర్ల దూరంల గుచ్చు. ఆకులు మసకగ, పచ్చగ పడుతయ్. ఐఎస్ఓ పెంచి నలుపు పోగొడుదామని చూడకు, ఆ రెండో గీత మళ్లా వస్తది.