ఫుల్‌స్క్రీన్ డిస్కులో బొమ్మ ఎక్కువా, తక్కువా? పాత కుటుంబ చిత్రాల ఫ్రేము మీద చర్చ

చతురస్రం:
డీవీడీ అట్ట మీద ఫుల్‌స్క్రీన్ (పాత 4:3 టీవీ తెర నిండేలా వేసిన బొమ్మ) అని ఉంటే చాలు, "పక్కలు కోసేశారు, తూకానికి వేసేయండి" అని ఇక్కడ సలహా వచ్చేస్తుంది. స్కోప్ (బాగా వెడల్పు తెర) చిత్రాల వరకు అది నిజమే. "20,000 లీగ్స్ అండర్ ది సీ" (1954) 2.55 సినిమాస్కోప్, అంటే ఎత్తుకి 2.55 రెట్లు వెడల్పు. దాన్ని 1.33 (అంటే 4:3) టీవీ చట్రంలో ఇరికిస్తే 48 శాతం బొమ్మ పోతుంది. "స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్" (1960) 2.35 పానావిజన్, అక్కడ పోయేది 43 శాతం. వాటి ఫుల్‌స్క్రీన్ డిస్కులు నాకూ వద్దు.

కానీ 1950ల నడిమి నుంచి అమెరికాలో వచ్చిన కుటుంబ చిత్రాల్లో చాలావాటిని స్కోప్‌లో తీయలేదు. మామూలు 35 ఎంఎం నెగటివ్ మీద 1.37 ఫ్రేము మొత్తం ఎక్స్‌పోజ్ చేసి, హాల్లో ప్రొజెక్టర్ గేటులో ప్లేటు పెట్టి పైనా కిందా మూసి చూపించారు. 1.66 ప్లేటు 17 శాతం పైచిలుకు మూస్తుంది, 1.75 ప్లేటు 22 శాతం, 1.85 ప్లేటు 26 శాతం. ఫుల్‌స్క్రీన్ డిస్కులో ఆ మూసిన భాగం తెరిచి ఉంటుంది, అంటే బొమ్మ ఎక్కువే. "విల్లీ వోంకా అండ్ ది చాకొలెట్ ఫ్యాక్టరీ" (1971) మొదటి డీవీడీ రెండు వైపులా ఆడే డిస్కు. ఒక వైపు వైడ్‌స్క్రీన్, రెండో వైపు తెరిచిన ఫ్రేము. తిరగేసి చూస్తే పైనా కిందా ఎంత అదనంగా ఉందో తెలుస్తుంది. ఉన్న డిస్కు పారేసి, తక్కువ బొమ్మ ఉన్న డిస్కుకి మళ్లీ డబ్బు పెట్టడం దేనికి?

గేటుమాస్కు:
లెక్కలు సరిగ్గానే ఉన్నాయి, వాటి నుంచి మీరు తేల్చిన మాటే సరిగ్గా లేదు. కెమెరా వ్యూఫైండర్ అద్దం మీద 1.75కో 1.85కో గీతలు ఉంటాయి. కెమెరామన్ ముఖాలూ చేతులూ సామానూ ఆ గీతల మధ్యే సర్దుకుంటాడు. గీతల బయట ఏముందో అతనికి పట్టదు. మైకు బూమ్, లైటు స్టాండు, సెట్టు గోడ పై అంచు, ట్రాలీ పట్టాలు, నటుడు ఎక్కడ నిలబడాలో నేల మీద అంటించిన టేపు ముక్క, అన్నీ అక్కడే ఉంటాయి.

దీనికి బాగా పేరుపడ్డ ఉదాహరణ "పీ-వీస్ బిగ్ అడ్వెంచర్" (1985). సైకిలుకి తాళం వేయడానికి హీరో ఒక చిన్న పెట్టెలోంచి గొలుసు లాగుతూ ఉంటాడు, అది ఎంతకీ అయిపోదు. హాస్యమంతా అంతే. ఫుల్‌స్క్రీన్ టేపులో ఫ్రేము అడుగు తెరుచుకుని, గొలుసు కింద నుంచి పెట్టె అడుగులోని రంధ్రంలోకి వెళ్తూ కనిపిస్తుంది. ఇక నవ్వెక్కడొస్తుంది? మీరు చెప్పే "ఎక్కువ బొమ్మ" ఇదే.

వోంకా కథ సగమే చెప్పారు. 2001 ఆగస్టులో వచ్చిన 30వ వార్షికోత్సవ డీవీడీ ఫుల్‌స్క్రీన్‌లో మాత్రమే వచ్చింది. కొనేవాళ్లు సంతకాలు సేకరించి గొడవ చేస్తే అదే ఏడాది నవంబరులో వార్నర్ వైడ్‌స్క్రీన్ డిస్కు విడిగా వేసింది. బొమ్మ ఎక్కువుందని అందరూ సంతోషించి ఉంటే ఆ రెండో డిస్కు వచ్చేదే కాదు.

టెలిసినీ:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. "ఫుల్‌స్క్రీన్ డిస్కు అంటే మొత్తం తెరిచిన ఫ్రేము" అనేది చాలా సినిమాల్లో సగం నిజం. మామూలు షాట్లు తెరిచి ఉంటాయి. ట్రిక్ షాట్లు అలా ఉండాలని లేదు. ఆప్టికల్ ప్రింటర్ మీద రెండు మూడు పొరలు కలిపి చేసిన షాట్లలో మాస్కు (హాల్లో పెట్టే ప్లేటు) హద్దు దాకానే పని చేసి, పైనా కిందా నల్లగా వదిలేసే పద్ధతి ఉండేది. "మేరీ పాపిన్స్" (1964)లో వాడిన సోడియం లైటు పద్ధతిలాంటివి చూడండి. నటులు పసుపు సోడియం దీపాలతో వెలిగే తెర ముందు నిలబడతారు. కెమెరాలోని పట్టకం ఆ కాంతిని విడదీసి, ఒక ఫిల్మ్ మీద నటుల్నీ రెండో ఫిల్మ్ మీద వాళ్ల ఆకారపు నీడబొమ్మనీ ఒకేసారి ముద్రిస్తుంది. తర్వాత గీసిన నేపథ్యం కలుపుతారు. అలాంటి షాటులో నేపథ్యం మాస్కు హద్దు దగ్గర ఆగిపోతే, తెరవడానికి అక్కడ ఏమీ ఉండదు. టీవీ చట్రం నింపాలంటే షాటుని పెద్దది చేసి పక్కలు కోయాల్సిందే. ఒకే సినిమాలో ఒక షాటు తెరిచినదీ, తర్వాతది కోసినదీ అవుతుంది. పిల్లల సినిమాల్లో ట్రిక్ షాట్లే ఎక్కువ కాబట్టి ఈ బాధ వీటికే ఎక్కువ.

ఊహల మీద వాదించుకునే బదులు పరీక్ష పెట్టండి.

రెండు డిస్కుల్నీ కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో తెరవండి. టీవీ మీద వద్దు. పాత ట్యూబు టీవీలు నాలుగు అంచుల్లోనూ కొంత మింగేస్తాయి, కొత్త టీవీల్లో కూడా ఓవర్‌స్కాన్ ఆన్‌లో ఉండొచ్చు. ఒకే షాటు దగ్గర ఆపి, ఇంగ్లిషు 'E' అక్షరం మీటతో ఒక్కో ఫ్రేమూ జరుపుతూ రెండింటిలో ఒకే ఫ్రేముకి రండి. షిఫ్ట్ నొక్కి ఎస్ కొడితే స్నాప్‌షాట్ పడుతుంది. ఒకే ముఖం ఒకే సైజులో వచ్చేలా రెండు బొమ్మల్నీ సరిచేసి ఒకదాని మీద ఒకటి పెట్టండి. పక్క అంచులు కలిసి, పైనా కిందా ఎక్కువుంటే తెరిచిన ఫ్రేము. పైనా కిందా కలిసి పక్కలు తగ్గితే కోత. చాలాసార్లు రెండూ కొంచెం కొంచెం ఉంటాయి, ఎందుకంటే టెలిసినీ (ఫిల్ముని వీడియోగా మార్చే) బల్ల దగ్గర కూర్చున్నవాడు మైకు కనబడిన చోటల్లా కాస్త జూమ్ చేసి తప్పిస్తాడు. ఈ పరీక్ష కనీసం మూడు చోట్ల చేయాలి: మామూలు సంభాషణ షాటు, ట్రిక్ షాటు, టైటిల్స్. టైటిల్ అక్షరాలు ఫ్రేము మధ్యలో ఒదిగి, పైనా కిందా చాలా ఖాళీ ఉంటే ఆ సినిమాని మాస్కు మనసులో పెట్టుకునే తీశారని అర్థం.

చతురస్రం:
పరీక్ష బాగుంది. కానీ "కెమెరామన్ గీతల బయట చూడడు" అన్న మాట డిస్నీ దగ్గర అంత తేలిగ్గా నిలవదు. 1954 నుంచి ఆ సంస్థకి సొంత టీవీ కార్యక్రమం ఉంది. హాల్లో ఆడిన సినిమా తర్వాత ఆ చతురస్రపు తెరకే వస్తుందని వాళ్లకి ముందే తెలుసు. రెండు చోట్లా పనికొచ్చేలా ఫ్రేము శుభ్రంగా ఉంచుకోరా?

డిస్నీ వాళ్ల డేవీ క్రాకెట్ కథ సంగతి ఇంకా ముందుకెళ్తుంది. 1954 డిసెంబరు నుంచి 1955 ఫిబ్రవరి దాకా మూడు టీవీ భాగాలుగా ప్రసారమైంది. అప్పటి ప్రసారం నలుపు తెలుపే, అయినా రంగుల్లో తీశారు. వాటినే అతికించి 1955లో హాళ్లకి పంపారు. అంటే అసలు కూర్పు టీవీ చట్రానిది, మాస్కు తర్వాత వచ్చింది. 2001లో ఆ టీవీ భాగాలు వాల్ట్ డిస్నీ ట్రెజర్స్ డీవీడీగా వచ్చాయి. అది 4:3లో ఉందని తక్కువ రకం అంటారా?

గేటుమాస్కు:
క్రాకెట్‌కి 4:3 సరే, దాని మీద తగువు లేదు. టీవీ కోసం తీసింది టీవీ ఫ్రేములో చూడాలి. ఆ ఒక్కదాన్ని పట్టుకుని హాళ్ల కోసం తీసిన మిగతా చిత్రాలన్నిటికీ అదే రూలు అనకండి. టీవీకి పనికొచ్చేలా ఫ్రేము "శుభ్రంగా" ఉంచడమంటే మైకు కనబడకుండా చూసుకోవడం. తల మీద జానెడు ఖాళీ వదిలి కూర్పు చేయడం అని కాదు. తెరిచిన ఫ్రేములో ప్రతి సంభాషణా షాటులో తలల మీద ఆకాశం వేలాడుతూ ఉంటుంది. మాస్కు పెట్టి చూస్తే కళ్లు తెరలో పైనుంచి మూడో వంతు దగ్గరకి వస్తాయి. అదే షాటు బిగుతుగా కనిపిస్తుంది.

డల్లాస్‌తెలుగు:
ఫ్రేము గొడవ పక్కన పెట్టి వీడియో గీతల (బొమ్మలో ఒకదాని కింద ఒకటిగా ఉండే అడ్డ వరసల) లెక్క చూద్దాం. అమెరికా ఎన్‌టీఎస్‌సీ (అక్కడి టీవీ పద్ధతి) డీవీడీలో పైనుంచి కిందికి 480 గీతలు. వైడ్‌స్క్రీన్ డిస్కులు రెండు రకాలు. 4:3 చట్రంలోనే నల్ల పట్టీలు ముద్రించిన పాత రకంలో 1.85 బొమ్మకి దక్కేవి 346 గీతలు. ఎనామార్ఫిక్ (బొమ్మని పక్కల నుంచి నొక్కి ముద్రించి, ఆడేటప్పుడు విప్పే) డిస్కులో 461. ఇది అట్ట వెనక "16:9 టీవీలకు మెరుగుపరచినది" అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు ముక్కతో గుర్తు పట్టొచ్చు. పాత రకాన్ని ఇప్పటి టీవీలో పెడితే నాలుగు వైపులా నలుపు వచ్చి బొమ్మ మధ్యలో చిన్న కిటికీ అవుతుంది. కాబట్టి "వైడ్‌స్క్రీన్" అనే మాట చూసి కొనేయకండి.

ఇంకోటి, ప్లేయర్ సెటప్‌లో టీవీ రకం 16:9 అని పెట్టాలి. పెట్టెలోంచి తీసినప్పుడు చాలా ప్లేయర్లలో 4:3 అనే ఉంటుంది. అలా వదిలేస్తే ప్లేయరే ఎనామార్ఫిక్ బొమ్మ ఎత్తు తగ్గించి నల్ల పట్టీలు వేసి పంపిస్తుంది, నాలుగో వంతు గీతలు గంగలో కలిసినట్టే.

పాటలున్న సినిమా అయితే పాల్ (ఇండియా, యూరప్ టీవీ పద్ధతి) డిస్కులతో జాగ్రత్త. ఇండియా, యూరప్ పాల్ డీవీడీల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25తో నడిపిస్తారు, 4 శాతం పైన వేగం. 139 నిమిషాల "మేరీ పాపిన్స్" 133 నిమిషాల్లో అయిపోతుంది. శబ్దం సవరించకపోతే శ్రుతి అరస్వరంలో దాదాపు ముప్పాతిక వంతు పైకి పోతుంది. సంగీతం తెలిసినవాళ్లకి వెంటనే చెవికి తగులుతుంది. పాల్‌లో గీతలు 576, అంటే బొమ్మ మెరుగు. ఏది కావాలో మీరే తేల్చుకోండి. బ్లూ-రే 24 ఫ్రేములతోనే నడుస్తుంది కాబట్టి అక్కడ ఈ బాధ లేదు. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే రీజియన్ మాత్రం చూసుకోండి: అమెరికా ఏ, యూరప్ బీ, ఇండియా సీ.

రెండోరీలు:
ఓ చిన్న సందేహం. నా దగ్గర ఉన్నది తెరిచిన ఫ్రేము డిస్కు అని పరీక్షలో తేలితే, వీఎల్‌సీలోనే పైనా కిందా కోసుకుని చూడొచ్చు కదా? కొత్తది కొనక్కర్లేదుగా?

టెలిసినీ:
చూడొచ్చు. వీఎల్‌సీలో ఇంగ్లిషు సీ అక్షరం నొక్కుతూ పోతే కోత నిష్పత్తులు మారతాయి, 1.85 అందులో ఉంది. 1.66కి దగ్గరగా 5:3 ఉంది. 1.75 ఉండదు. ప్రిఫరెన్సెస్‌లో సొంత నిష్పత్తుల జాబితాలో 7:4 అని చేర్చుకుంటే అదే 1.75. రెండు చిక్కులున్నాయి. ఒకటి, పైన డల్లాస్ గారు చెప్పిన లెక్కే: 1.85కి కోస్తే మిగిలేవి 346 గీతలు. రెండోది, వీఎల్‌సీ సరిగ్గా మధ్య నుంచి కోస్తుంది. టెలిసినీలో షాటు షాటుకీ బొమ్మని పైకీ కిందికీ జరిపి ఉంటే కొన్ని చోట్ల నుదుళ్లు తెగుతాయి. ట్రిక్ షాట్లలో అప్పటికే పక్కలు పోయి ఉంటాయి, వాటికి పైనా కిందా కూడా పోతుంది. వైడ్‌స్క్రీన్ డిస్కు అసలు విడుదలే కాని సినిమాకి ఇది మంచి ఉపాయం. విడుదలైన సినిమాకి దండగ పని.

లడ్డూఫ్రేము:
ఇక్కడ అమెరికా సినిమాల గురించి ఇంత శ్రద్ధ పెడుతున్నారు, మన సినిమాలకి జరుగుతున్నది దీనికి తిరగబడ్డ పని. "మాయాబజార్" (1957), "లవకుశ" (1963) 1.37 చిత్రాలు. తెలుగులో మొదటి సినిమాస్కోప్ 1974లో "అల్లూరి సీతారామరాజు"తోనే వచ్చింది, అంతకుముందు వాటికి స్కోప్ అనే ప్రశ్నే లేదు. ఇప్పుడు ఆన్‌లైన్లో పాత చిత్రాల్ని 16:9 నిండేలా పైనా కిందా కోసి పెడుతున్నారు, దాదాపు పావు వంతు బొమ్మ పోతోంది. "వివాహ భోజనంబు" పాటలో పైన కిరీటం, కింద పళ్లాలు. పావు వంతు కోస్తే ఎస్వీ రంగారావు గారి కిరీటమైనా పోవాలి, లడ్లయినా పోవాలి. కోయకపోతే సాగదీస్తారు, అప్పుడు ఘటోత్కచుడే కాదు, శశిరేఖ కూడా లావైపోతుంది.

పాత వీసీడీలే నయం. 352 బై 288 చుక్కలే, మసక బొమ్మే, కానీ ఫ్రేము ఉన్నదున్నట్టు ఉండేది. కొనేటప్పుడు డిస్కుల సంఖ్య చూసుకోండి. ఒక్కో డిస్కు పట్టేది 74 నుంచి 80 నిమిషాలు. మూడు గంటలు దాటిన సినిమా రెండే డిస్కుల్లో ఉంటే ఏవో పాటలో సన్నివేశాలో ఎగిరిపోయినట్టే.

చతురస్రం:
నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే కదా! నెగటివ్ మీద ఉన్న బొమ్మని కోయకూడదు.

గేటుమాస్కు:
కాదు సార్. "మాయాబజార్"కి గేటులో ప్లేటు 1.37, వోంకాకి 1.85. హాల్లో వేయడానికి ఏ ప్లేటు అనుకుని తీశారో డిస్కులోనూ అదే ఉండాలి. మీ రూలు ప్రకారం గొలుసూ కనబడాలి, బూమూ కనబడాలి.

చతురస్రం:
గొలుసు కనబడకూడదు, ఒప్పుకుంటా. మిగతా సినిమాలో గొలుసు లేని షాట్ల సంగతి మీరు ఇంకా చెప్పలేదు. ట్రిక్ షాట్లు తక్కువగా ఉన్న, కుక్కలూ గుర్రాలూ పొలాల మీద పరుగెత్తే సినిమాలకి నా 4:3 డిస్కులు ఉంచుకుంటున్నాను.

రెండోరీలు:
ఇంకొక్కటి. "మేరీ పాపిన్స్" బ్లూ-రేలో కుడి ఎడమల సన్నటి నల్ల పట్టీలు వస్తున్నాయి. డిస్కు పాడైందా?

డల్లాస్‌తెలుగు:
పాడవలేదు. అది 1.66 బొమ్మ. 1080 గీతల ఎత్తుకి వెడల్పు 1793 చుక్కలు వస్తుంది, 1920లో మిగిలినవి రెండు పక్కలా అరవై మూడేసి. టీవీలో "ఫిల్" లేదా "జూమ్" ఆన్ చేసి వాటిని పోగొట్టకండి, పైనా కిందా తెగుతుంది. పిక్చర్ సైజు "స్క్రీన్ ఫిట్" గానీ "జస్ట్ స్కాన్" గానీ పెట్టి వదిలేయండి.