రాతప్రతులు ‘కాలవు’ అనాలా, ‘కాలిపోవు’ అనాలా?

ప్రశ్న: రష్యన్ రచయిత బుల్గాకోవ్ నవల ‘మాస్టర్ అండ్ మార్గరీటా’లో ‘రూకపిసి నె గరియాత్’ అన్న వాక్యానికి ‘రాతప్రతులు కాలవు’ సరైనదా, ‘కాలిపోవు’ మేలా? ‘దగ్ధం కావు’ అంటే పత్రికలో అగ్నిప్రమాద వార్తలా ఉంది.

జవాబు: నా ఓటు ‘కాలవు’కే. ‘కాలిపోవు’ ఓదార్పులా వినిపిస్తుంది. మూలంలో ఓదార్పు లేదు. తడి కట్టెలు అంటుకోవు అన్నంత మామూలుగా అన్న మాట అది. అన్నది సైతాను వోలాండ్. తన నవలను పొయ్యిలో కాల్చేశానని కథలోని రచయిత మాస్టర్ చెబితే, నమ్మనంటూ ఈ మాట అని తన వెంట ఉండే పిల్లివైపు తిరుగుతాడు. పిల్లి కుర్చీ దిగితే, అంతసేపూ అది కూర్చున్నది కాగితాల కట్ట మీద! ఈ వాక్యాన్ని సంస్మరణ సభల్లో గద్గద స్వరంతో చదివేవాళ్లు ఆ పిల్లిని మరిచిపోతారు.

మరొకరు: ‘నైనం దహతి పావకః’ ఛాయ తేవచ్చు కదండీ?

జవాబు: వద్దండీ. గీత చెప్పేది ఆత్మ సంగతి, ఇక్కడున్నది కాగితం. కాగితం కాలుతుందని బుల్గాకోవ్‌కు బాగా తెలుసు. నాటకాలన్నీ నిషేధించాక, 1930 మార్చి 28న సోవియట్ ప్రభుత్వానికి రాసిన లేఖలో, సైతాను నవల (ఈ నవలకే తొలిరూపం) చిత్తుప్రతిని స్వయంగా పొయ్యిలో పడేశానని చెప్పుకున్నాడు. ఏప్రిల్ 18న స్టాలిన్ ఫోను చేశాడు. మాస్కో ఆర్ట్ థియేటర్‌లో సహాయ దర్శకుడి ఉద్యోగం దొరికింది. రచనలకు మాత్రం అచ్చు దొరకలేదు.

డైరీల కథ ఇంకా విచిత్రం. 1926 మేలో రహస్య పోలీసులు ఇల్లు సోదా చేసి డైరీలను, ఆయన రాసిన ‘కుక్క గుండె’ కథ ప్రతిని పట్టుకుపోయారు. కొన్నేళ్లకు తిరిగి వచ్చిన డైరీలను ఆయనే కాల్చేశాడు. ఈలోగా పోలీసులు నకలు తీసి దాచుకున్నారు. ఈరోజు మనం చదివేది ఆ నకలే. వోలాండ్ మాట నెగ్గించినది పోలీసు దస్త్రం!

ఆయన 1940 మార్చి 10న పోయాడు. నవలను భార్య ఎలేనా దాచింది. 1966–67లో ‘మాస్కవా’ పత్రిక కోతలతో వేసింది. ‘కుక్క గుండె’ సోవియట్ దేశంలో అచ్చయింది 1987లో.

మరొకరు: 1938లో ఆయన చెబుతుంటే భార్య అక్క నవల టైపు చేశారంటారు. టైపు ప్రతిని ‘రాతప్రతి’ అనవచ్చా?

జవాబు: అనవచ్చు. అచ్చుకు వెళ్లని ప్రతిని, టైపు చేసినా, రష్యన్లు ఆ మాటతోనే పిలుస్తారు. ‘చేతిరాతలు’ అంటే మాత్రం దస్తూరీ అని అర్థం చేసుకుంటారు.