పిల్ల సొరచేపల ట్యాగ్ సిగ్నల్ ఆగిపోతే అవి బయటికి వెళ్ళిపోయాయని రాసేయొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్తే అండి. నా పీహెచ్‌డీ పని తీరం దగ్గర పిల్ల సొరలు ఎక్కడెక్కడ తిరుగుతాయి, ఎప్పుడు అక్కణ్ణుంచి బయటపడతాయి అన్నదాని మీద. చోటు చూస్తే లోతు తక్కువున్న చిన్న అఖాతం, ఒక పక్కంతా మడ చెట్లు, మధ్యలో సముద్రపు గడ్డి, మిగతాది ఇసుక, సముద్రంలోకి తెరుచుకునే మొగ ఒక్కటే. పిల్లలకి పొట్టలో అకౌస్టిక్ ట్యాగ్ (నీళ్ళలో శబ్దంతో తన ఐడీ నంబరు పంపే చిన్న పరికరం) పెట్టి కుట్లేసి వదిలాం, ఆ శబ్దం విని రాసుకునే రిసీవర్లు లోపల అక్కడక్కడా ఉన్నాయి, మొగ దగ్గర ఒకటే ఉంది. ఇప్పుడు డేటా దించి చూస్తే సగం దాకా పిల్లలు కొన్ని వారాలకే మాయం. ఇంకోటేమో ఒకే రిసీవర్ దగ్గర రాత్రీ పగలూ మోగుతూనే ఉంది. మా గైడ్ గారు "వెళ్ళిపోయాయని రాసెయ్యమ్మా, డిస్పర్సల్ చాప్టర్ అయిపోతుంది" (అంటే పిల్లలు ఈ చోటు వదిలి చెదిరిపోవడం మీద చాప్టర్) అంటున్నారు, నాకేమో ధైర్యం చాలట్లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
ఆ ఒకే చోట మోగేది ముందు పక్కన పెట్టెయ్యండి. చచ్చి అడుగున పడుంది, లేదా ట్యాగ్ ఊడి పడింది. కానీ ఒకటి, పగలంతా అడుగున పడుకుని రాత్రి తిరిగే సొరలు కూడా ఉన్నాయి కాబట్టి రాత్రి డేటా విడిగా చూడండి, రాత్రి కూడా పక్క రిసీవర్‌కి ఒక్కసారీ వినపడకపోతే ఇంక సందేహం అక్కర్లేదు. ఎప్పట్నుంచి కదలడం మానేసిందో ఆ తేదీ రాసుకుని తర్వాతది కోసెయ్యండి, లేకపోతే "ఈ చోటంటే దీనికి చాలా ఇష్టం" అని మీ గ్రాఫ్ చూపిస్తుంది.

జవాబు 2:
చూడమ్మా, సిగ్నల్ ఆగిందంటే సిగ్నల్ ఆగిందనే అర్థం, అంతకంటే ఏం లేదు. పిల్ల బయటికి పోయుండొచ్చు, పెద్ద సొర మింగి దాన్ని కడుపులో పెట్టుకుని మొగ దాటిపోయుండొచ్చు, లోపలే ఉండి రిసీవర్‌కి వినపడకపోవచ్చు, బ్యాటరీ పోయుండొచ్చు. నాలుగూ డేటాలో ఒకేలా కనపడతాయి, వాటిని విడగొట్టడమే నీ చాప్టర్.

అన్నిటికంటే ముందు వినికిడి దూరం సంగతి. 69 కిలోహెర్ట్జ్ ట్యాగ్ మంచి నీళ్ళలో, అంటే తేటగా లోతుగా ఉన్నచోట, కొన్ని వందల మీటర్లు వినపడుతుంది, కానీ గడ్డి మీద, మడ వేర్ల మధ్య అది దారుణంగా పడిపోతుంది. గాలి లేస్తే పడిపోతుంది. పంజాతో టక్ టక్ మనిపించే రొయ్యలు ఉంటాయి కదా, వాటి గోల చాలాచోట్ల చీకటి పడ్డాక పెరుగుతుంది, అప్పుడు రాత్రి సిగ్నళ్ళు తగ్గుతాయి, అది చూసి "రాత్రిళ్ళు పిల్లలు గడ్డి వదిలి ఎక్కడికో పోతున్నాయి" అని రాసిన పేపర్లు నేను రివ్యూకి వచ్చినప్పుడు వెనక్కి పంపాను. దీనికి మందు ఒకటే, ఒక ట్యాగ్‌ని చేపకి కాకుండా తాడుకి కట్టి రిసీవర్‌కి తెలిసిన దూరంలో ఆ నీళ్ళలోనే వదిలెయ్, అది కదలదు కాబట్టి దాని సిగ్నల్ ఎప్పుడు తగ్గితే అది నీళ్ళ తప్పే గానీ చేప తప్పు కాదు. గంటగంటకీ దాంతో పోల్చుకుంటూ మిగతా డేటా సరిచెయ్యి.

పోటు సంగతి కూడా చూడు. పోటు ఎక్కినప్పుడు పిల్లలు మడలోకి, వేర్ల సందుల్లోకి దూరిపోతాయి, పెద్దవి అక్కడికి రాలేవు కదా, మళ్ళీ పాటు మొదలయ్యాక అంచుకి వస్తాయి. అంటే నీ డేటాలో పోటు టైమంతా ఖాళీ, పాటు టైమంతా నిండుగా ఉంటే అవి మాయమవ్వలేదన్నమాట, నీకు వినపడని చోట హాయిగా ఉన్నాయి. పైగా వాటికి అన్నిటికంటే ముఖ్యమైన చోటు అదే అయ్యుండొచ్చు.

అడిగినవారు:
సార్ చాలా థాంక్స్. పోటు టైమ్ ఖాళీ నిజంగానే ఉంది, ఇప్పుడే చూశాను. కానీ వారాల తరబడి లేనివి? అవి చచ్చిపోయాయనా?

జవాబు 2:
కొన్ని కచ్చితంగా. ఫ్లోరిడాలో టెర్రా సియా అఖాతంలో మిషెల్ హ్యూపెల్, కోలిన్ సింఫెండార్ఫర్ నల్లకొన సొర పిల్లల మీద ఇదే పని చేశారు, 2002లో వచ్చింది ఆ పేపర్, అందులో పుట్టిన మొదటి కొన్ని నెలల్లోనే చావులు చాలా ఎక్కువ అని తేలింది. అందుకని పిల్లలు తొలి వారాల్లో మాయమైతే మొదట అనుమానించాల్సింది చావునే.

అదే అఖాతంలో ఇంకోటి జరిగింది, 2001 సెప్టెంబరులో గాబ్రియెల్ తుఫాను వచ్చే ముందు గాలి పీడనం పడిపోతుంటే ట్యాగ్ ఉన్న 13 పిల్లలూ బయటికి వెళ్ళిపోయాయి, తుఫాను పోయాక మళ్ళీ వచ్చాయి. ఆ వారం ఒక్కటే చూసినవాడు డిస్పర్సల్ అనే రాస్తాడు కదా! కాబట్టి మీ మాయమైన తేదీల పక్కన పీడనం, నీళ్ళ ఉష్ణోగ్రత, వాన పెట్టి చూడు. ఒకేరోజు నాలుగైదు పోతే బయటి కారణం ఉంది, ఒక్కొక్కటీ ఒక్కోరోజు పోతే తినేసినవి ఎక్కువ ఉంటాయి. చలికి బయటపడి ఎండాకాలానికి తిరిగొచ్చే జాతులూ ఉన్నాయి, అందుకే రిసీవర్లు తీసెయ్యొద్దు, ఇంకో సీజన్ ఉంచు.

మింగినదాని మీద అనుమానం ఉంటే తినడానికి ముందూ తర్వాతా నడక పోల్చు. మడ అంచు పట్టుకుని తిరిగే పిల్ల ఉన్నట్టుండి అఖాతం ఈ చివర నుంచి ఆ చివరకి గంటల్లో పోతుంటే అది పిల్ల కాదు, పిల్లని మింగినది. ఈసారి ట్యాగులు కొనేటప్పుడు కడుపులో ఆమ్లానికి పూత కరిగి కోడ్ మారే రకం కూడా ఉంది, ఖరీదే గానీ ఈ గొడవ తప్పుతుంది.

జవాబు 3:
మధ్యలో దూరుతున్నా సారీ. ఒక ఐడీ ఒక రోజులో ఒక్కసారే కనపడితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రెండు ట్యాగులు ఒకేసారి మోగితే చాలాసార్లు ఏదీ చదవదు, కొన్నిసార్లు లేని ఐడీ పుడుతుంది. చిన్న అఖాతంలో ట్యాగులు ఎక్కువైతే మోగే గ్యాప్ పెంచుకోవాల్సిందే, బ్యాటరీ కూడా ఎక్కువ వస్తుంది.

జవాబు 4:
అన్నా నాది కొంచెం వేరు ప్రశ్న, నేను చూసేవి వేలెడు కూడా లేని చేప పిల్లలు, వాటికి ఏ ట్యాగూ పట్టదు. ఏం చెయ్యాలి?

జవాబు 2:
ట్యాగ్ బరువు చేప బరువులో 2 శాతం దాటకూడదనే పాత లెక్క ఎంత సాగదీసినా వాటికి ఏమీ పెట్టలేవు తమ్ముడూ. చెవిరాళ్ళు, అంటే చేప తలలో చెవి దగ్గరుండే చిన్న రాళ్ళు, చూడు. రోజుకో పొర వేసుకుంటాయని 1971లో పానెల్లా అనే శాస్త్రవేత్త చూపించాక వయసు రోజుల్లో చెప్పగలుగుతున్నారు, ఆ పొరల్లోనే స్ట్రాన్షియం ఎక్కువుంటే ఉప్పు నీళ్ళు, బేరియం ఎక్కువుంటే సాధారణంగా ఏటి నీళ్ళ వైపు అని చదువుతారు. సొరలకి మాత్రం ఇలాంటి గట్టి రాళ్ళుండవు, అక్కడ వెన్నుపూసలు వాడాలి.

అడిగినవారు:
సార్ మేం కండ ముక్కలు కూడా తీశాం, కార్బన్ ఐసోటోప్ (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాల నిష్పత్తి) కోసం. అది వాడితే మడలో తిన్నాయా గడ్డిలో తిన్నాయా తెలుస్తుందా?

జవాబు 2:
తెలుస్తుంది, ఆ నిష్పత్తి లెక్కలో గడ్డి విలువ వెయ్యికి -10 దగ్గర, మడ ఆకు -28 దగ్గర ఉంటుంది కాబట్టి తేడా బాగానే పడుతుంది. కానీ అప్పుడే పుట్టిన పిల్ల కండలో ఉండేది తల్లి తిన్న తిండి. అది కరిగి తన తిండి కనపడటానికి నెలలు పడుతుంది. బొడ్డు గాయం మానని పిల్లల శాంపిల్స్ వేరే డబ్బాలో పెట్టు, వాటిని తల్లి తిండి కింద చదువు.

అడిగినవారు:
ఓకే సార్. చివరిది, ఈ అఖాతాన్ని నర్సరీ, అంటే సొర పిల్లలు పెరిగే చోటు, అని పిలవొచ్చా?

జవాబు 1:
నేను చెప్తా. హ్యూపెల్ వాళ్ళే 2007లో సొరలకి మూడు షరతులు పెట్టారు: పక్క చోట్ల కంటే ఇక్కడ పిల్లలు ఎక్కువ దొరకాలి, చాలాకాలం ఉండాలి లేదా తిరిగి రావాలి, ఏటేటా అదే చోటు వాడాలి. మీ దగ్గర రెండోది సగం ఉంది, మొదటిదానికి బయట కూడా అదే వల అదే టైమ్ వేసి పట్టాలి, మూడోదానికి ఇంకా ఏళ్ళు కావాలి. బహామాస్‌లో బిమినీ దగ్గర నిమ్మ సొరల మీద అన్నేళ్ళు కూర్చున్నారు కాబట్టే 1993-97 మధ్య పుట్టిన ఆడవాటిలో కనీసం ఆరు 14-17 ఏళ్ళ తర్వాత అక్కడికే వచ్చి పిల్లల్ని పెట్టాయని డీఎన్‌ఏతో చెప్పగలిగారు. ప్రస్తుతానికి "పిల్లలు వాడే చోటు" అని రాసుకోండి, ఎవరూ పట్టుకోలేరు.

అడిగినవారు:
అర్థమైంది. ఇంకో రెండు రిసీవర్లే ఉన్నాయి నా దగ్గర, ఎక్కడ పెట్టమంటారు?

జవాబు 2:
రెండూ మొగ దగ్గరే. ఇప్పుడున్నది లోపలి వైపు ఉంచి, ఒకటి దాని పక్కన వెడల్పు కప్పేలా, ఇంకోటి బయటి వైపు, లోపలిది వినే దూరానికి అవతల. లోపలిది ముందు మోగి బయటిది తర్వాత మోగితే వెళ్ళింది, తిరగబడితే వచ్చింది. గడియారాలు దింపేముందు ఒకసారి, తీశాక ఒకసారి సరిచూడు, నెలల్లో కొన్ని నిమిషాలు జరిగిపోతే ఆ వరుసే తారుమారవుతుంది. ఈలోపు పాత డేటాని "మొగ దగ్గర చివరిసారి వినపడి బయటపడ్డవి", "చచ్చినవి", "తేలనివి" అని మూడు గుంపులు చెయ్యి. తేలనివి ఎక్కువొస్తాయి, రానీ. మీ గైడ్ గారికి ఆ టేబులే చూపించు.