‘నీళ్ళొదిలారు’ అంటే రిలీజ్డా, హావ్ రిలీజ్డా?

రాజోలు నుంచి ప్రశ్న:
మా బాబు పదో తరగతండీ. “కాలవకి నీళ్ళొదిలారు” అన్నదాన్ని ఇంగ్లీషులో రాయమంటే ‘దే రిలీజ్డ్’ అని రాశాడు. ట్యూషన్లో ‘దే హావ్ రిలీజ్డ్’ అని దిద్దారు. తర్వాతి వాక్యం “నిన్న నీళ్ళొదిలారు”. సరే కదా అని వాడు అక్కడ హావ్ పెడితే అది కొట్టేశారు. మనకి రెండు చోట్లా వదిలారే కదా, ఏది ఎక్కడో ఎలా తెలుస్తుంది? గైడులో చూస్తే ‘వదిలి ఉన్నారు’ అని అర్థం ఇచ్చారు. పిల్లాడికి టెన్సులంటేనే టెన్షన్ పట్టుకుంది.

భీమవరం నుంచి జవాబు:
అమ్మా, ముందు ఆ ‘వదిలి ఉన్నారు’ని పక్కన పెట్టించండి. ‘నేను భోజనం చేసి ఉన్నాను’ అని మన వైపు ఎవరంటారు? తిన్నాను అంటాం, తినేశాను అంటాం. ఎవరూ మాట్లాడని తెలుగు వాక్యాన్ని గుర్తుపెట్టుకుని, దాని మీదుగా ఇంగ్లీషుకి వెళ్ళమంటే పిల్లలకి రెండు భాషలూ పరాయివైపోతాయి. ఈ అలవాటు మీద నాకు నిజంగానే కోపం.

బాబుకి ఇలా చెప్పి చూడండి. ధవళేశ్వరంలో గేట్లెత్తారు, నీళ్ళు మీ ఊరి కాలవకి వచ్చేశాయి. పక్క చేలో ఉన్న రైతుకి కబురు చెప్పాలి. “నీళ్ళొదిలారండీ!” ఇందులో ఎప్పుడన్నది ముఖ్యం కాదు. ఇప్పుడు కాలవలో నీళ్ళున్నాయి, నారుమడి దున్నుకోవచ్చు, అదీ కబురు. ఇక్కడ ఇంగ్లీషువాడు హావ్ వాడతాడు. జరిగింది వెనకే అయినా చూపు ఇప్పటి మీదుంది. ఆ రైతు వెంటనే “ఎప్పుడొదిలారు?” అంటాడు. “నిన్న పొద్దున్న.” చూపు నిన్నటికి వెళ్ళిపోయింది కాబట్టి హావ్ పోయి, ‘దే రిలీజ్డ్ ఇట్ యెస్టర్డే మార్నింగ్’ అవుతుంది. ఇంగ్లీషు పేపర్లలో వార్తలూ చాలావరకు ఇలాగే నడుస్తాయి. మొదటి వాక్యంలో హావ్‌తోనో హాజ్‌తోనో సంగతి చెప్పి, తర్వాత ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవి మామూలు భూతకాలంలో చెప్తారు. బాబు చేత రోజూ ఓ చిన్న వార్త చదివించి, ఆ మార్పు ఎక్కడొచ్చిందో గీత గీయించండి. పన్నెండు టెన్సుల పట్టిక బట్టీ పట్టించడం కన్నా ఇదే మేలంటాను.

‘దిస్ మార్నింగ్’ దగ్గర ఇంకో తమాషా ఉంది. పొద్దున్న పది గంటలకి మాట్లాడుతుంటే ‘ఐ హావ్ సీన్ హిమ్ దిస్ మార్నింగ్’ అనొచ్చు, ఆ పొద్దు ఇంకా అయిపోలేదు కాబట్టి. సాయంత్రం అయితే ‘ఐ సా హిమ్’ అనాల్సిందే. అమెరికా వాళ్ళు వీటిలో కాస్త ఉదారంగా ఉంటారు. బ్రిటిష్ వాళ్ళు ‘ఐ హావ్ జస్ట్ ఈటెన్’ అనేచోట వాళ్ళు ‘ఐ జస్ట్ ఏట్’ అని ఊరుకుంటారు. అందుకే బాబు మొదటి వాక్యం మరీ ఘోరమైన తప్పేం కాదు. రెండోది మాత్రం ఎక్కడా చెల్లదు.

పాలకొల్లు నుంచి:
మాస్టారూ, ‘నుంచి’ సంగతి కూడా చెప్పండి. మా ఆఫీసులో అందరూ ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అనే అంటారు.

భీమవరం నుంచి:
మంచి మాట అడిగారండీ. “పదేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాం” అని మనం వర్తమానంలో చెప్తాం, అదే అక్కడికి మోసుకెళ్తాం. ఇంగ్లీషులో అప్పట్నుంచి ఇప్పటిదాకా లెక్క చెప్పాలంటే ‘హావ్ బీన్ లివింగ్’ కావాలి. పైగా మన నుంచి ఒక్కటే రెండు పనులు చేస్తుంది. మొదలైన సమయం చెప్తే, అంటే ‘2015 నుంచి’ అంటే, సిన్స్. ఎంతకాలమో చెప్తే, అంటే ‘పదేళ్ళ నుంచి’ అంటే, ఫర్.

‘వెళ్తాడు’ కూడా ఇలాంటిదే. నాన్న రోజూ చేలోకి వెళ్తాడు, రేపూ వెళ్తాడు. మొదటిది గోస్, రెండోది విల్ గో. మన చిన్నయసూరి బాలవ్యాకరణంలో భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు తద్ధర్మం అని ఇంకోటి చెప్పాడు. ఫలానా వేళ అని లేకుండా, అలవాటుగానో స్వభావంగానో జరిగేదానికి అది. సింపుల్ ప్రెజెంట్‌ని పిల్లలకి ‘వర్తమానకాలం’ అని కాకుండా తద్ధర్మం అని చెప్తే సగం గందరగోళం పోతుంది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, మా అమ్మ పెందలాడే లేస్తుంది... ఇవన్నీ అందులోవే.

నరసాపురం నుంచి:
“నేను రేవుకెళ్ళేసరికి పంటు వెళ్ళిపోయింది.” ‘వెన్ ఐ రీచ్డ్, ద ఫెర్రీ లెఫ్ట్’ అన్నాను. తప్పా అండీ?

భీమవరం నుంచి:
వాక్యం తప్పు కాదు, సంగతే మారిపోయింది. మీరన్నదాన్ని బట్టి మీరు రేవులో అడుగుపెట్టారు, అప్పుడు పంటు కదిలింది. పరిగెత్తి ఉంటే ఎక్కేవారేమో అనుకుంటారు వినేవాళ్ళు. మీరు వెళ్ళేటప్పటికే అది గోదారి మధ్యలో ఉందనుకోండి, ‘హాడ్ లెఫ్ట్’ అనాలి. తెలుగులో ‘అప్పటికే’ అన్న మాట ఒక్కటి పెట్టి చూడండి. అది అతికితే హాడ్, అతక్కపోతే వద్దు.