రిలేలకు, సోలినాయిడ్ వాల్వులకు ఒకే డ్రైవర్ చిప్ సరిపోతుందా?

ప్రశ్న:
మా కంట్రోల్ బోర్డులో 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ ఒకే యూఎల్‌ఎన్2003ఏ చిప్ (ఏడు చానళ్ల డ్రైవర్) ద్వారా నాలుగు రిలేలను (కాయిల్‌తో పనిచేసే స్విచ్‌లు), మూడు సోలినాయిడ్ వాల్వులను (కాయిల్ అయస్కాంతంతో తెరుచుకునే వాల్వులు) నడుపుతోంది. సరఫరా 24 వోల్టులు. రిలే కాయిల్ నిరోధం 1440 ఓములు, ఒక్కో వాల్వు 10 వాట్లు. చిప్ లోపలి డయోడులు కలిసే కామన్ పిన్నును నేరుగా 24 వోల్టులకు కలిపాము. రిలేలతో ఇబ్బంది లేదు. మూడు వాల్వులూ కలిసి ఆన్‌లో ఉంటే మాత్రం చిప్ వేలు ఆన్చలేనంత వేడెక్కుతోంది, వాల్వులు మూసుకోవడమూ ఆలస్యమవుతోంది. డేటాషీటు ప్రకారం ఒక్కో చానల్ సామర్థ్యం 500 మిల్లీఆంపియర్లు, వాల్వు తీసుకునేది సుమారు 420 మాత్రమే. లోపం ఎక్కడ ఉంది?

సమాధానం 1:
500 అన్నది చానల్ తట్టుకోగల గరిష్ఠ పరిమితి. ఆ కరెంటును మీ 3.3 వోల్టుల ఇన్‌పుట్ రాబట్టగలదా అన్నది వేరే లెక్క. అదే డేటాషీటులో 300 మిల్లీఆంపియర్లకే 3 వోల్టుల ఇన్‌పుట్ కావలసి రావచ్చని ఉంది కనుక, 420 దగ్గర చానల్ పూర్తిగా ఆన్ అవుతుందన్న హామీ లేదు. పూర్తిగా ఆన్ అయినా ఒక్కో చానల్‌లో ఉండే డార్లింగ్టన్ జంట (ఒకదాన్నొకటి నడిపే రెండు ట్రాన్సిస్టర్లు) మీద 350 మిల్లీఆంపియర్ల వద్ద 1.6 వోల్టుల దాకా పడవచ్చు. మూడు వాల్వులకూ కలిపితే చిప్‌లో వేడిగా మారేది సుమారు రెండు వాట్లు, ఆ చిన్న ప్యాకేజీకి అది చాలా ఎక్కువ. రిలే తీసుకునేది 17 మిల్లీఆంపియర్లే కాబట్టి రిలేలను అక్కడే ఉంచి, ఒక్కో వాల్వుకు ఒక ఎన్-చానల్ మాస్‌ఫెట్ (గేటు పిన్ను మీది వోల్టేజితో ఆన్ అయ్యే ట్రాన్సిస్టర్ స్విచ్) పెట్టండి. ఆన్ నిరోధాన్ని 2.5 వోల్టుల గేటు వద్ద పేర్కొన్న రకాన్నే ఎంచుకోండి. 0.1 ఓము ఉన్నా నష్టం 20 మిల్లీవాట్లకు మించదు. గేటు నుంచి గ్రౌండుకు ఒక రెసిస్టర్ తప్పనిసరి, లేకపోతే కంట్రోలర్ రీసెట్ అవుతున్న క్షణంలో వాల్వు దానంతట అదే తెరుచుకోవచ్చు.

సమాధానం 2:
పై సమాధానంతో వేడి తగ్గుతుంది గానీ ఆలస్యం తగ్గదు. స్విచ్ ఆపిన తరువాత కాయిల్‌లోని కరెంటు, దానికి దారి ఇచ్చే డయోడు గుండా తిరుగుతూ మెల్లగా తగ్గుతుంది, అంతవరకు ప్లంజర్ (వాల్వులో కదిలే ఇనుప కడ్డీ) వదలదు. ఆ దారిలో వోల్టేజి ఎంత ఎక్కువగా నిలిస్తే కరెంటు అంత త్వరగా చస్తుంది. కరెంటు 15 శాతానికి పడినప్పుడు వాల్వు వదులుతుందనుకుంటే, డయోడుకు సిరీస్‌లో 15 వోల్టుల జీనర్ (నిర్ణీత వోల్టేజిని నిలిపే డయోడు) చేర్చడంతో ఆ సమయం సగానికి లోపే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అలాగైతే 24 వోల్టుల జీనర్ పెడితే ఇంకా మంచిది కదా?

సమాధానం 2:
స్విచ్ మీద సరఫరా, జీనర్, డయోడు వోల్టేజిలు మూడూ కలిసి పడతాయి. సరఫరా 28 వోల్టులకు పెరిగిన రోజున 24 జీనర్‌తో మొత్తం 53 దాకా పోతుంది. 50 వోల్టుల యూఎల్‌ఎన్2003ఏకు అది ప్రమాదకరం, 100 వోల్టుల మాస్‌ఫెట్‌కు నిక్షేపంగా పనికివస్తుంది. వాల్వు వేగంగా ఆన్, ఆఫ్ అవుతుంటే జీనర్ వాటేజి కూడా లెక్కవేయండి.

సమాధానం 3:
ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. వాల్వుల తీగలు బోర్డు దాటి యంత్రమంతా తిరుగుతాయనుకుంటే, పైన చెప్పిన చిప్, మాస్‌ఫెట్‌లలాగా గ్రౌండు వైపు తెంచే పద్ధతిని నేను ఒప్పుకోను. తీగ ఒరుసుకుపోయి గ్రౌండుతో కలిసిన లోహపు చట్రాన్ని తాకితే, కంట్రోలర్ ఆజ్ఞ లేకుండానే వాల్వు ఆన్ అవుతుంది. పాజిటివ్ వైపు తెంచే హై-సైడ్ చిప్ వాడితే, స్విచ్ నుంచి వాల్వుకు పోయే తీగకు అదే జరిగినప్పుడు వాల్వు ఆఫ్‌లోనే ఉంటుంది. ఈ రకం చిప్‌లలో చాలావాటిలో షార్ట్ సర్క్యూట్ రక్షణ, తెగిన కాయిల్‌ను పసిగట్టే సౌకర్యం, లోపలే క్లాంపు (ఆపినప్పుడు పెరిగే వోల్టేజిని హద్దులో ఉంచేది) ఉంటాయి. ధర ఎక్కువైనా వాల్వుల వరకు వీటినే ఎంచుకోండి, క్లాంపు ఒక్కసారికి ఎంత శక్తిని తట్టుకుంటుందో మీ కాయిల్ ఇండక్టెన్స్‌తో సరిచూడండి.