బహిరంగ సభకు ఏ వాదన తగునో ఎవరు నిర్ణయించాలి?

బరంపురం సభ్యుడు:
ఒడిశాలో తెలుగు మాధ్యమ ప్రాథమిక తరగతుల కోసం ఇక్కడి తెలుగువారి సంఘమైన మా సంఘం ఒక బహిరంగ సభ తలపెట్టింది. వక్తలు తమ ప్రసంగ పాఠాన్ని ముందుగా ఉపసంఘానికి చూపాలనీ, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి మద్రాసు ప్రెసిడెన్సీలోని మన ప్రాంతాలు అందులో కలిసిన సంగతిని ఎత్తరాదనీ కార్యవర్గం తీర్మానించింది. ఇది సబబేనా?

పర్లాకిమిడి సభ్యుడు:
సబబే. సరిహద్దు మాట వస్తే ఒడియా పొరుగువారు నొచ్చుకుంటారు, బడి సంగతి పక్కకు పోతుంది. మాతృభాషలో ప్రాథమిక చదువు గురించి 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ఉండగా పాత గాయాన్ని రేపడం దేనికి?

రాయగడ సభ్యురాలు:
మాస్టారూ, మీ ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ తీర్మానం విషయాన్ని నిషేధించింది, వాదన తీరును పరిశీలించలేదు. 'ఈ నేల ఒకప్పుడు మనది, కాబట్టి ఇక్కడ మన మాటే చెల్లాలి' అనడం వేరు. '1936 నాటి సరిహద్దు వల్ల మన కుటుంబాలు ఊరు కదలకుండానే మరో రాష్ట్రంలో అల్పసంఖ్యాకులయ్యాయి, కాబట్టి పిల్లల చదువు బాధ్యత ప్రభుత్వానిది' అనడం వేరు. మొదటిదానిని పొరుగువారు అంగీకరించడానికి ఏ కారణమూ లేదు. రెండవదానిని వారు నిజానిజాలు చూసి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. ఇచ్ఛాపురంలోని ఒడియా తల్లిదండ్రులు అదే వాదనతో ఆంధ్ర ప్రభుత్వాన్ని ఒడియా బడి అడిగితే మనం సమర్థించగలమా అన్నదే నా దృష్టిలో అసలైన పరీక్ష. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు కృషి చేయమని ఆ అధికరణం ప్రతి రాష్ట్రానికీ, ప్రతి స్థానిక సంస్థకూ చెబుతోంది గాని, తెలుగువారి కోసం ప్రత్యేకంగా చెప్పలేదు. మీ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని పాటుపడి, వాచకాలు రాశారు. మన వాదన సవరలకు వర్తించకపోతే అది సభకు తగినది కాదు.

ఈ పరీక్షను కూడా ఉపసంఘంలోని ముగ్గురు పెద్దలు తలుపు మూసుకుని చేయరాదు. మనవడికి తెలుగు అక్షరం రాదని బాధపడే ఒక అవ్వ అధికరణం సంఖ్య చెప్పలేదు, ప్రసంగ పాఠం రాసి ఇవ్వలేదు. అయినా సభ ముందుగా వినవలసింది ఆమె మాటే. పొరపాటు వాదన వస్తే సభలోనే ఎవరైనా లేచి జవాబు చెప్పాలి. ముందస్తు పరిశీలనను తీసివేసి, ప్రతి ప్రసంగం తరువాత ప్రశ్నలకు సమయం ఉంచాలని సవరణ రాసి ఇస్తాను. సర్వసభ్య సమావేశంలో దానిని బలపరిచేవారు కావాలి.

పర్లాకిమిడి సభ్యుడు:
అమ్మా, సరిహద్దు మాట సభకు మేలు చేస్తుందని నేను ఇప్పటికీ నమ్మను. అయితే ఇచ్ఛాపురం పరీక్ష న్యాయమైనది. ఒక జాతిని గాని కులాన్ని గాని దూషిస్తే ప్రసంగాన్ని ఆపే అధికారం అధ్యక్షునికి ఉండాలని చేర్చండి, నేను బలపరుస్తాను.

బరంపురం సభ్యుడు:
ప్రశ్నలు ఒడియాలోనూ అడగవచ్చునని కూడా చేర్చగలరా? పొరుగువారిని పిలిచి, తెలుగులోనే అడగమనడం మర్యాద కాదు.

రాయగడ సభ్యురాలు:
రెండూ చేరుస్తాను.