అప్‌డేట్: మా అబ్బాయి బెయిలు పోలేదు

16 ఏళ్ల మా అబ్బాయిపై గుంటూరులో సెల్‌ఫోను దొంగతనం విచారణ నడుస్తోంది. ఈలోగా హైదరాబాదులో మేనమామ బండి నడుపుతూ పోలీసులకు దొరికాడు. బెయిలు రద్దవుతుందా అని పోయిన నెల అడిగాను. కాలేదు.

దాచవద్దని లాయరు గట్టిగా చెప్పడంతో మేమే ముందుగా పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుకు తెలిపాం. బోర్డులోని మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు వాడినే అడిగారు. చొక్కా గుండీ తిప్పుతూ, అది ఊడి చేతిలోకి వచ్చేదాకా నోరు విప్పలేదు. నా ప్రాణం ఉసూరుమంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు బెయిలే నియమం. నేరస్థుల సావాసం, ప్రమాదం, న్యాయానికి భంగం వంటి కారణాలుంటేనే నిరాకరిస్తారట. అయితే బండి నడిపిన సంగతి, వాడి నడవడిక గురించి బోర్డుకు తెలిపే ప్రొబేషన్ అధికారి నివేదికలోకి ఎక్కింది.

అసలు దెబ్బ బండి యజమాని అయిన మా తమ్ముడికి తగిలింది. మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. అబ్బాయికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. తాళాలు అందేచోట పెట్టకండి, దయచేసి. ధైర్యం చెప్పిన అందరికీ నమస్కారాలు.